కాలువ ఒడ్డు సున్నం

నిజాం జమాన్ల మాట. పాలు అమ్మబోనీకి దబీర్‌పురా స్టేషన్ల రైలు కోసం కూసున్న. పక్కనున్నాయన ధోతి నిండ తేజాబు, అంటే యాసిడ్, కాల్చిన పొక్కలే. మా గౌలిపుర అవతలి తేజాబు కార్ఖాన మనిషని సూడంగనే తెలిసింది.

"మా బర్లు మీ కాలువలనే తాగుతయన్నా. సున్నం గలిపి, తేజాబు చచ్చినంకనే నీళ్లు ఇడుస్తరని మీ మున్షీ సాబ్ చెప్పిండు," అన్న.

ఆయన నా పాలబిందె దిక్కు చూసి తల దించుకున్నడు.

"సున్నం ఒడ్డుకు పూస్తం భాయ్, పెద్ద సాబ్‌లు చూడనీకి. నీళ్లల్ల ఎన్నడు కలపలే."

రైలొచ్చింది. ఆయన ఎక్కిండు, నేను ఎక్కలే.

బర్లను గా కాలువకు తోలుమన్నదే మున్షీ. తోలిన నెలకే, హకీం వద్దన్నడని ఇంట్లకు తీస్కునే మా పాలు బంద్ చేసిండు. మున్షీ కడుపు బాగుగావాలని మా అమ్మ మైసమ్మకు కోడిని మొక్కింది.

నేను ఇల్లు చేరేసరికి అమ్మ గా కోడికి పసుపు రాస్తున్నది.