తాతయ్య అసమ్మతి

మా తాతయ్య సుందరరామయ్య గారు ఎవరేం చెప్పినా ఒప్పుకోరు. కోపం కాదు, సిద్ధాంతం. యూనివర్సిటీలో సమాజశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, దేశ రాజధాని శివారు ద్వారకలో మా ఫ్లాటునూ ఓ యూనివర్సిటీలాగే నడిపారు.

"ఇవాళ ఉప్మా," అనేది అమ్మమ్మ.

"ఎవరు నిర్ణయించారు? చర్చ జరిగిందా? నా అసమ్మతి రాసుకో!"

"రాసుకున్నా. తింటారా?"

"తింటాను. అసమ్మతితో తింటాను." మారు కూడా వడ్డించుకునేవారు.

డిగ్రీ రెండో ఏడు దాటని నాకు ఆయనే గురువు. "ఒరే సాత్విక్, అధికారం కుర్చీలో ఉండదురా. ఎదుటివాళ్ళు తలూపడంలో ఉంటుంది."

నేను తలూపాను.

"చూశావా, ఊపేశావు!" అని తిట్టారు.

ఆయనకు సరిజోడు కేశవరావు గారు, ఓ ప్రైవేటు కాలేజీ డైరెక్టరు. అక్కడి క్రమశిక్షణ కమిటీలో తాతయ్య బయటి సభ్యుడు. తాతయ్య పగలంటే, ఈయన లైట్లు వేయించేవారు.

రెండు వేల ఆరు ఎండాకాలంలో గౌరి అనే గుంటూరమ్మాయి, అబ్బాయిలకు లేని నియమం మాకెందుకంటూ, ఎనిమిదింటికే మూసేస్తున్న అమ్మాయిల హాస్టల్ గేటు ముందు బైఠాయించింది. ఆమెను కాలేజీ నుంచి తీసేయాలా వద్దా అని కమిటీ కూర్చుంది. తాతయ్యను కారులో దింపి, వరండాలో గౌరి పక్కన కూర్చున్నాను. ఉక్కకి తలుపు తెరిచే ఉంచారు.

"టెన్షన్ మత్ లో, భయపడకు," అన్నాను. "మా తాతయ్య ఉన్నారుగా. చచ్చినా ఒప్పుకోరు."

లోపల తాతయ్య ఉరిమారు. "తీసేయండి! ఇవాళే తీసేయండి! ఇంకెక్కడా సీటు రాకుండా రాయండి!"

నా చేతిలో సమోసా జారిపడింది. గౌరి చూసిన చూపుకి నేనూ పడేవాణ్ణే.

"ఇదేం అన్యాయమండీ!" కేశవరావు గారు లేచారు. "చిన్నపిల్ల. వార్నింగిస్తే చాలదూ?"

"నేనొప్పుకోను!"

"మీరెప్పుడు ఒప్పుకున్నారు గనక! " అని గుమాస్తా వైపు తిరిగారు. "లిఖో భయ్యా, రాసుకో, వార్నింగ్ ఒక్కటే. ఈయన అసమ్మతి కూడా రాసేయ్!"

ఓడిన ముఖంతో బయటికొచ్చిన తాతయ్య, కారు అద్దాలు ఎక్కించాక పడీపడీ నవ్వారు.

"అతను ముందు తీసేయమన్నాడంటే పిల్ల చదువు పోయేదిరా. మళ్ళీ మాట వెనక్కి తీసుకోడు. అందుకే నేనే ముందు అనేశాను."



ఆదివారం గౌరి మా ఇంటికే వచ్చి కడిగేసింది. "అన్నేళ్ళు యూనివర్సిటీలో న్యాయం, సమానత్వం అని పాఠాలు చెప్పి, మీరు చేసింది ఇదా అంకుల్? సిగ్గులేదూ?"

నేను నోరు తెరవబోతే తాతయ్య నా కాలు తొక్కారు. ఆమె కసితీరా తిట్టి, అమ్మమ్మ ఇచ్చిన కాఫీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

"నిజం చెప్పొచ్చుగా తాతయ్యా!"

"చెబితే థాంక్స్ అంటుంది. ఇంత చక్కగా తిట్టే పిల్లని ఎందుకురా పాడుచెయ్యడం?" ఆ కాఫీ తనే తాగుతూ అమ్మమ్మ వైపు తిరిగారు. "విన్నావా, ఎక్కడా తడబడలేదు!"