బళ్లు రాని దారి

పొదిలి దాటాక కొండల మధ్య ఒక కంకర దారి ఉంది. బళ్లు రావని ప్రతి ఆదివారం గేర్ల సైకిల్ మీద అక్కడికే పోయేవాణ్ణి. ఒక ఎండాకాలం చూస్తే దారి నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"రోడ్డు మీ అబ్బ సొమ్మా?" అని అరిచాను.

కాయలు తిరగేస్తున్న పెద్దావిడ తలైనా ఎత్తలేదు. "బళ్లు రావనే ఇక్కడ పోశాం. నువ్వెందుకు తగలడ్డావు?" అంది.

కసికొద్దీ కాయల మీదుగానే తొక్కాను. టైరు జారి వాటిలోనే పడ్డాను. ఆ చేతులతోనే చెమట తుడుచుకున్నాను. కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది. నీళ్ల కోసం తడుముకుంటూ ఆవిడ దగ్గరికే నడిచాను.

చెంబు చేతికివ్వకుండా, "ముందు బూట్లు విప్పు. ఇది కళ్లం," అంది.

విప్పాను. ఆవిడ మీద కోపం ఇవాళ్టికీ దిగలేదు. ఆ కాయల మీద మళ్లీ బూటు పెట్టనూ లేదు.