తాడు ఇడువని రాత్రి

నేను చర్చి గుడిల గంట కొట్టే మనిషిని. మీ ముంగట అబద్ధం చెప్పి, మల్ల ఆ తాడు ఏ చేతితోటి పట్టుకోవాలె? గందుకే ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. నమ్మితే నమ్ముండ్రి. లేకుంటే కరెంటు వచ్చేదాక కాలక్షేపం అనుకోండ్రి.

సిరిసిల్లల మా ఇల్లు గుడి వెనుకనే అని మీకు ఎరుకే. మీ లెక్కనే నేను సుత నేత సాంచాలకు నూలు కండెలు చుట్టేదాన్నే. మా గుడి గంట నాకు బుద్ధి తెలిసినప్పటి సంది సామేలు తాతనే కొడుతుండె. సొంత తాత కాదు. మా నాయిన చిన్నప్పుడే పోయిండు. నా పెండ్లికి చెయ్యి పట్టుకొని గుడిలకు తీస్కపోయింది తాతనే. నాకు ఆయిన అంటే గంత పాణం.

మొన్నటి ఈస్టర్ ముంగట తాతకు గుండె నొప్పి లేసింది. ఆపరేషన్ చెయ్యాలన్నరు. తాతకు ఆపరేషన్ రంది లేదు, గంట రందే.

"ఈస్టర్ కు గంట ఎవలు కొడుతరు బిడ్డా? నువ్వే నేర్చుకో" అన్నడు.

ఆడిది గంట కొట్టుడేందని కొందరు గునిసిన్రు. ఫాదర్ మాత్రం "తాత ఎవలకు నేర్పితే వాళ్ళే కొడుతరు" అన్నడు. అయిపాయె.

గంట కొట్టుడంటే గుంజుడే అనుకున్న. కాదట. తాత చెప్పిండు:

"గుంజుడు ఎవలైనా గుంజుతరే. ఇడుసుడే అసలు పని. తాడు పైకి పోతనంటది, పోనియ్యాలె. గట్టిగ పట్టుకున్నవా… గంట పాడైనట్టే."

పూజ గంటకు ఊపు ఆగొద్దు. చావుగంట వేరు. ఒక్క దెబ్బ… తాడు పట్టి ఆపాలె… మోత అంతా సల్లారాలె… మల్ల ఒక్కటి. తాతకు ఎప్పటి సందో భుజం నొప్పి, తాడు సక్కగ ఆపరాదు. దెబ్బ దెబ్బకు వెనుక ఇంకో సిన్న సప్పుడు వచ్చేది. టంగ్… టిక్. "తాతా, నీ గంటకు ఎక్కిళ్ళు పట్టినయి" అని ఎక్కిరిస్తుంటి. ఇంకెవలు కొట్టినా ఆ ఎక్కిలి రాదు. మీరు ఇది యాది పెట్టుకోండ్రి.

నేను మొదటిసారి ఒక్కదాన్నే కొట్టిన ఆదివారం చూడాలె! బుగులుకు దెబ్బ దెబ్బకు తాడు పట్టుకున్న. అది కాస్త చావుగంట అయింది. వాడకట్టంత ఉరికచ్చింది. ఎదురింటి పద్మక్క తడి చేతులతోటే వచ్చి, "ఎవలు పోయిన్రే సుగుణా?" అని ఏడుపు మొదలువెట్టింది. తాత మెట్ల మీద కూసొని కడుపు పట్టుకొని నవ్విండు. "పొద్దుపొద్దుగాల నన్నే సంపినవానే?" అన్నడు.

ఇగ అసలు ముచ్చట.

మా గుడిల ఒక పద్ధతి ఉంటది. ఈస్టర్ ముంగటి గురువారం సాయంత్రం పూజల గంట కొడితే… మల్ల శనివారం రాత్రి దాక ముట్టొద్దు. యేసుప్రభువు శ్రమపడ్డ, సమాధిల ఉన్న గడియలు. ఆ రెండు దినాలు చెక్క మీద చెక్క కొట్టి పిలుసుడే. గాలికి సుత మోగొద్దని గంట లోపట ఏలాడే నాలుకకు బట్ట చుడుతరు. గురువారం నేనే నిచ్చెన ఎక్కి పాత నూలు చీర చుట్టిన. కండెలు చుట్టే చేతులు, ముడి అంత అల్కగ ఊడది. తాడును గోడకున్న మొలకు తగిలేసిన. గంట గదికి తాళం వేసి చెవి కొంగుకు కట్టుకున్న.

తాత కరీంనగర్ దవాఖానల ఉండె. గుడ్ ఫ్రైడే దినమే ఆపరేషన్. ఆయిన బిడ్డ జ్యోతి కోరుట్ల నుంచి వచ్చి కాడ ఉన్నది. సాయంత్రం ఫోన్ చేసింది. "ఆపరేషన్ అయిందక్కా. ఇంక తెలివికి రాలే" అన్నది.

రాత్రి గంజి తాగి ఒరిగిన. నిద్ర ఏడిది? పక్క కార్ఖానల సాంచాలు టకటక నడుస్తున్నయి. మనకు ఆ సప్పుడు ఉంటేనే నిద్ర వస్తది కదా. ఉన్నట్టుండి… కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి బంద్. గంత నిశ్శబ్దం నేను ఎన్నడు ఇనలే. కుక్క సుత మొరుగలే.

అప్పుడు…

టంగ్…

లేసి కూసున్న. కల అనుకున్న. మోత మెల్లగ… మెల్లగ… సల్లారింది. అంతా సల్లారినంక…

టంగ్… టిక్.

ఎక్కిలి.

తాత పోయిండు… ఇగ తాత పోయిండు… అని నోట్లనే అనుకుంట ఉరికిన. గంట గదికి తాళం వేసినట్టే ఉన్నది. తీసిన. ఫోన్ లైటు పట్టుకొని లోపటికి పోయిన. లోపట ఎవలు లేరు. గోడ మీద చెయ్యి పెడితే మోత ఇంక గోడల ఉన్నది. తాడు మొలకు లేదు. నడిమిట్ల ఏలాడుతున్నది. ఊగుతలేదు… కదులుతలేదు… నిలవడి ఉన్నది.

పట్టుకున్న.

ఎచ్చగున్నది. ఎవలో ఇప్పుడే పట్టుకొని ఇడిసినట్టు.

అప్పుడు పైకెల్లి… మెల్లగ… గుంజింది. జోరుగ కాదు. తాత నేర్పేటప్పుడు నా చేతుల మీద చేతులు పెట్టి లేపుతుండె కదా, అట్ల. ఇడిస్తే ఇంకో దెబ్బ పడుతది. అది పడితే తాత దక్కడు. ఎందుకో నాకు అట్లనే తోచింది. ఇడువలే. ఫోన్ కింద పడ్డది. రెండు చేతులకు తాడు సుట్టుకొని కూలవడ్డ. అది గుంజుతున్నది… నేను పట్టుకున్న. "పోనియ్య తాతా… నేను పోనియ్య" అని ఒర్రిన.

ఎంతసేపో తెల్వదు. పద్మక్క టార్చిలైటు వేసుకొని వచ్చింది.

"గంట ఇనవడ్డది, ఎవలు పోయిన్రే?"

"ఎవలు పోలే అక్కా!"

అంటే ఆమెకు సుత ఇనవడ్డది. నా చెవులదే తప్పు కాదు. పాపం, టార్చి కింద పెట్టి నా పక్కన కూసున్నది. కరెంటు వచ్చింది. సాంచాలు మొదలైనయి. తాడు ఒక్కసారి మెత్తవడ్డది. అయినా నేను ఇడువలే.

తెల్లారుతుంటే ఫోన్ మోగింది. పద్మక్కనే ఎత్తి నా చెవికి పెట్టింది. జ్యోతి ఏడుస్తున్నది. నేను తాడు ఇంక గట్టిగ పట్టుకున్న.

"రాత్రి దమ్ము ఆగిపోయిందక్కా… డాక్టర్లు ఉరికచ్చిన్రు… పోయిండనే అనుకున్న. ఇప్పుడు కండ్లు తెరిసిండు. నీళ్ళు అడిగిండు!"

అప్పుడు ఇడిసిన. తాడు ఊకెనే ఏలాడింది. ఏ సప్పుడు లేదు. పద్మక్కను పట్టుకొని ఏడ్సిన, నవ్విన, మల్ల ఏడ్సిన. పాణం ఎంత నిమ్మలమైందో చెప్పరాదు.

శనివారం పొద్దుగూకినంక బట్ట ఇప్పుదామని నిచ్చెన ఎక్కిన. చీర చుట్టింది చుట్టినట్టే ఉన్నది. నా ముడి నా ముడే. బట్ట చుట్టిన నాలుక అంత గట్టిగ ఎట్ల మోగుతది? నన్ను అడుగకుండ్రి. రాత్రి పూజల మహిమ గీతం ఎత్తంగనే గంట కొట్టిన. గుంజిన, ఇడిసిన, గుంజిన, ఇడిసిన. ఒక్కసారి సుత తప్పలే. కొడుతున్నంతసేపు కండ్లల్ల నీళ్ళే.

తాత ఇంటికి వచ్చినంక చూడవోయిన. నా చెయ్యి తన చేతిలకు తీసుకున్నడు. తాడు ఒరుసుకున్న గీతలు ఇంక మానలే. వాటి మీద ఏలు రాసి అన్నడు:

"నేర్పింది ఒక్కటే కదనే… ఇడువుమని. గదొక్కటి ఇనకపోతివి."

ఆ రాత్రి ముచ్చట నేను తాతకు చెప్పలే. జ్యోతికి తెల్వదు. పద్మక్క "నేను చెప్తే నా కండ్లు పోను" అని ఒట్టు పెట్టింది. పెడితే ఏంది, ఆమె కడుపుల ఏ ముచ్చటన్న ఆగుతదా? ఆమెనే చెప్పిందేమో. కాదేమో. తాతను అడిగితే నవ్వుతడు.

ఇప్పుడు గంట నాదే. కానీ ఎవలన్న పోతే చావుగంట కొట్టేటప్పుడు, ఒక్కసారన్న తిరిగి చూస్త… తాత మెట్ల మీద ఉన్నడా అని.

ఉంటడు. డాక్టరు వద్దన్న బీడి నాకు కనవడకుండ దాసుకుంట కూసుంటడు.