కిటికీ మూసిన పెన్నుల గది

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట మీకందరికీ నా వందనాలు. ఊపిరి ఎంత విలువైనదో అది చక్కగా ఆడినంత కాలం నాకు తెలియలేదు. ఈ సాయంత్రం ఆగిపోతుందేమో, రేపు సాయంత్రం ఆగిపోతుందేమో అని వణుకుతూ బతికినదాన్ని, ఈరోజు సంఘంలో నిలబడి గొంతెత్తి పాడుతున్నానంటే అది నా గొప్ప కాదు, దేవునికే మహిమ!

మాది మైపాడు సముద్రానికి దగ్గర్లో చిన్న ఊరు. నా భర్త ఏసుదాసు రొయ్యల గుంటల మీద పనిచేసేవారు. నడుము దెబ్బతిని బరువులెత్తలేని స్థితి వచ్చాక కడ్డీని తిప్పుతూ చెక్కే ఒక పాత లేత్ మిషను తెచ్చుకుని పెన్నులు చేయడం నేర్చుకున్నారు. పెన్నులంటే అంగట్లో దొరికేవి కాదు. రెజిన్ అనే చిక్కటి ద్రవంలో దాన్ని గట్టిపరిచే మందు కలిపి, రంగు వేసి, మన తీరంలో ఏరిన గవ్వల ముక్కలు చల్లి అచ్చుల్లో పోస్తాం. అది గట్టిపడి కడ్డీ అయ్యాక బెజ్జం వేసి, ఇత్తడి గొట్టం దూర్చి, లేత్ మీద చెక్కి మెరుగు పెడతాం. ములికి, క్లిప్పు, గొట్టం అన్నీ కిట్లుగా వస్తాయి. ఒక కిట్టు గొట్టం లావు, ఒకదానిది సన్నం, ఇంకొకదానికి రెండు పొట్టి ముక్కలు కావాలి, అందుకని ఏ కిట్టుకు తగిన అచ్చు దానికే చేసుకున్నాం. పోత నా పని, చెక్కడం ఆయన పని. సముద్రపు రంగు దిగిన పెన్నును చూస్తే నాకే ముద్దొచ్చేది!

అయితే ఈ పోతకు తేమ పడదు, మాకేమో పొద్దు ఎక్కితే చాలు సముద్రపు గాలే. ఆ గాలి తగిలితే పోతలో బుడగలు లేచేవి, ఇసుక అంటుకునేది, కడ్డీలు పారేయాల్సి వచ్చేది. అందుకని వెనక గది కిటికీ బిగించి, సందుల్లో పాత చీర పేలికలు కుక్కి, తలుపు వేసుకుని పోయడం మొదలుపెట్టాం. కడ్డీలు అద్దంలా వచ్చాయి. మా తెలివికి మేమే మురిసిపోయాం.

ఆ తర్వాతే నాకు గొంతులో గరగర మొదలైంది. పోనుపోను రొమ్ములో పిల్లికూతలు, పొద్దు వాలితే ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టు బరువు. మా అక్క ఉబ్బసంతోనే పోయింది. చివరి రోజుల్లో ఆమె మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చునేది, ఒకరోజు నేనూ సరిగ్గా అలాగే కూర్చున్నానని తెలిసి గబుక్కున పట్టె వదిలేసి లేచి నిలబడ్డాను. నెల్లూరు ఆసుపత్రిలో చేరితే అక్కడ ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉండేది, ఇంటికొచ్చి ఆ గదిలో అడుగుపెడితే మళ్ళీ అదే రొప్పు. ఏం పని చేస్తారమ్మా అని డాక్టరు గారు అడిగితే పెన్నులు చేస్తామన్నాం. పెన్నుల వల్ల ఊపిరి ఆడదని ఎవరైనా అనుకుంటారా?

మా అత్తమ్మ మాత్రం గడప దగ్గరే నిలబడి, “ఆ గదిలో ఏందో ఉండాది మే! లేకుంటే ఆసుపత్రిలో బాగున్న మనిషికి ఈడికి వస్తానే ఎందుకట్లయితాది?” అన్నది. ఇరుగుపొరుగు వాళ్ళు తాయెత్తు కట్టించుకోమన్నారు. కట్టించుకోలేదు గానీ, నిజం చెప్తున్నాను, నా విశ్వాసం కన్నా భయమే పెద్దదైంది. ఆ గది మూలల్లోకి చూడకుండానే పని ముగించుకుని వచ్చేసేదాన్ని.

వానలకు ఇల్లంతా చెమ్మ పట్టి ఆ గది ఒక్కటే వెచ్చగా ఉంటుందని, భయపడుతూనే మా చిన్నదాన్ని, కెజియాను, అక్కడే పడుకోబెట్టేదాన్ని. ఒక సాయంత్రం అదీ దగ్గింది. మామూలు దగ్గు కాదు, గాలి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి, రొమ్ముకు చెవి ఆనిస్తే నా పిల్లికూతలే వినబడ్డాయి! అయ్యో, ఆ క్షణం పగవారికి కూడా వద్దు! బిడ్డను ఎత్తుకుని మోకాళ్ళ మీద పడ్డాను: “ప్రభువా, నన్ను తీసుకుపోయినా సరే, నా బిడ్డ ఊపిరి మీద చెయ్యి పడనివ్వకు. ఆ గదిలో ఏముందో నాకు తెలియదు, నీకు తెలుసు. దాన్ని బయటికి తరుము తండ్రీ!”

మందు పట్టించి, మరుసటి రోజు సంఘంలో పెద్దావిడ రూతమ్మ గారిని ప్రార్థనకు పిలిచాం. ఆమె సంఘపు అక్కచెల్లెళ్ళను వెంటబెట్టుకుని అనుకున్నదానికంటే ముందే వచ్చారు, నాకు చేతకాక ఆ రోజు మావారే అప్పుడే పోత పోసి ఉన్నారు. అందరం ఆ గదిలోనే ఇరుక్కుని కూర్చున్నాం, పోతకు గాలి తగలకుండా మావారు తలుపు మూసేశారు. పాట సగంలోనే రూతమ్మ గారికి దగ్గు తెర వచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి, లేచి నేరుగా కిటికీ దగ్గరికి పోయారు. “ఏం గదే తల్లీ ఇది, పొయ్యిలో తల పెట్టినట్టుండాది!” అన్నారు. మావారు అడ్డం పోయి, “వద్దమ్మా, పోత పచ్చిగా ఉండాది, గాలి తగిల్తే అంతా పాడైపోతాది” అన్నారు. “పోతే పోనీ నాయనా, బిడ్డ ముఖం చూడు ముందు” అంటూ ఆమె పేలికలు పీకి అవతల పారేసి కిటికీ రెక్కలు బార్లా తెరిచేశారు.

సముద్రపు గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. ఆమె ఏ దయ్యాన్నీ గద్దించలేదు, కిటికీ పక్కనే నిలబడి ప్రార్థన ముగించారు. నా ఒడిలో బిడ్డ డొక్కలు మెల్లగా కుదుటపడ్డాయి, కళ్ళు మూసుకుని నిద్రపోయింది. నాకు మళ్ళీ రొప్పు వస్తుందని భయంతో కాచుకుని కూర్చున్నాను. రాలేదు. హల్లెలూయా!

రెజిన్ డబ్బా పట్టుకుపోయి డాక్టరు గారికి చూపిస్తే, ముందే ఎందుకు చెప్పలేదమ్మా, మూసిన గదిలో దీని ఆవిరి పీల్చడమేమిటని కోప్పడి మందు రాసిచ్చారు. ఆ మందు మానకుండా వాడాం. ఇప్పుడు పోత ఇంట్లో లేదు. దూరంగా గాలాడే పాకలో, తెల్లవారుజామున నేల వైపు నుంచి గాలి పొడిగా వీచే వేళ, మాస్కు కట్టుకుని మావారే పోస్తారు. నేను కిట్లు బిగిస్తాను. బిడ్డ ఆ దరికి రాదు.

సహోదరులారా, శిష్యులు భయపడి తలుపులు మూసుకుని కూర్చున్న చోటికి ప్రభువు వచ్చి, “మీకు సమాధానము కలుగును గాక” అని శాంతి పలికి, వారి మీద ఊదాడని మనం చదువుతాం. నా మూసిన గదికీ ఆయన అలాగే వచ్చాడు. మీరూ ఏదో ఒక భయంతో ఒక కిటికీ బిగించుకుని కూర్చున్నారేమో, ఆయన్ని నమ్మి తెరవండి. ఏదో పాడైపోతుందని ఆగకండి.

ఆ రోజు పోత నిజంగానే పాడైంది. కడ్డీల నిండా బుడగలు, ఇసుక. మావారు పారేయబోతే ఒకటి అడిగి తీసుకుని పెన్ను చేయించుకున్నాను. ఈ సాక్ష్యం దానితోనే రాస్తున్నాను. రాస్తూ ఆగినప్పుడు ఆ బుడగల వైపు చూస్తాను. నా బిడ్డను బతికించిన గాలి ఇంకా అందులో ఉంది.