ఖాళీ బకెట్టు చప్పుడు

జూలో ముసలి సింహాన్ని సాకే పెద్దాయన ఇరవై ఆరేళ్ళలో ఒక్కనాడైనా దాన్ని కర్రతో పొడిచి లేపలేదు. ఆ మాట ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. రోజుకు ఇరవై గంటలు నిద్రపోయే ఆ జీవం, ఆయన మాంసం తెచ్చి బకెట్టు మీద రెండుసార్లు తడితే చాలు, తనే లేచి వచ్చేది.

"జనం టికెట్టు కొనేది దీని గురక వినడానికా బాబాయ్? ఇది లేవకపోతే ఇద్దర్నీ పంపించేస్తా," అన్నాడు కొత్తగా వచ్చిన అధికారి.

పెద్దాయన గంటగంటకూ ఖాళీ బకెట్టు తట్టసాగాడు. సింహం వచ్చి బకెట్టులోకి చూసేది, ఆయన మొహంలోకి చూసేది, వెళ్ళి పడుకునేది. జనం చప్పట్లు కొట్టేవారు. నాలుగోనాటి సాయంత్రం నిండు బకెట్టు తట్టాడు. దాని చెవి కదిలింది గానీ అది లేవలేదు.

"ఈసారి నిజంగానే తెచ్చాను నాయనా," అంటూ మళ్ళీ తట్టాడు.

సింహం గోడవైపు తిరిగి పడుకుంది.