ఆ ఆదివారం ఉతికిన దుప్పట్లు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అమెరికాలో ఈ చాండ్లర్‌కి వచ్చాక మూడు ఇళ్లు మారాం. అది మాత్రం నన్ను వదల్లేదు. మా ఆయనకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను, మీరు నా ముఖం చూడలేరు కాబట్టి.

అమెరికా రాకముందు స్విట్జర్లాండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా పై వాటాలో వసంతక్క, ఆమె కూతురు. అక్కడి పద్ధతులన్నీ నాకు ఆమే నేర్పింది. పాత పేపర్లు దారంతో కట్టి పెట్టాలి. ఆదివారం ఖాళీ సీసాలు పారేయకూడదు, చప్పుడవుతుంది. బిల్డింగ్ అంతటికీ కింద ఒకటే వాషింగ్ మెషీన్; మన వంతు రోజునే వాడుకోవాలి, ఆదివారం అసలు తాకకూడదు.

ఒక ఆదివారం, జ్వరంతో ఉన్న మా పాప దుప్పట్ల మీద వాంతి చేసుకుంది. కిందికి వెళ్లి మెషీన్ వేశాను. తిరిగొస్తుంటే బిల్డింగ్ బాగోగులు చూసే పెద్దావిడ మెట్ల మీద ఎదురైంది.

"ఎవరివి ఆ బట్టలు?"

"పై ఇంటివాళ్లవి," అన్నాను.

నిజం చెబితే ఏమయ్యేది? ఒక మందలింపు. భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు. 'వసంతను చూసి నేర్చుకో' అని ఆవిడ నాతో అనని వారం లేదు. అది విని విని, వసంతక్క కూడా ఒక్కసారి తప్పు చేసినదానిలా కనబడితే బాగుండునని నాలో ఎక్కడో ఉండేది.

అప్పటికే ఆమె అక్కడి పౌరసత్వానికి అప్లై చేసి ఉంది. ఇచ్చేముందు ఊరి కమిటీ ఇరుగుపొరుగు దగ్గర వాకబు చేస్తుంది. అదీ నాకు తెలుసు. పెద్దావిడ ఆ ఆదివారం సంగతి చెప్పింది. 'మా పద్ధతులకు ఇంకా అలవాటు పడలేదు, పౌరసత్వం ఇవ్వలేం' అని ఉత్తరం వచ్చింది. పదమూడేళ్లుగా అక్కడున్న మనిషికి.

వసంతక్క ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"ఏదో సండే నేను మెషీన్ వేశానంట. నేను వెయ్యలేదే. నువ్వేమైనా చూశావా?"

"లేదక్కా. నాకేం తెలీదు."

"పోనీలే. ఎవరికి ఏం అవసరమొచ్చిందో," అంది.

తర్వాత ఆమె ఆ మెషీన్ దగ్గరికి వెళ్లలేదు. బాత్‌టబ్‌లో చేత్తో ఉతుక్కునేది. మా బాత్రూంలోకి ఆ నీళ్ల చప్పుడు వినబడేది. పౌరసత్వానికి మళ్లీ అప్లై చెయ్యలేదు.

ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. పోయిన వారం చెప్పేద్దామని నోరు తెరిచి, ఇక్కడి ఎండల గురించి మాట్లాడాను.

క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమించేస్తుంది. అది నేను భరించలేను. ఆ మెషీన్ వేసింది నేను. ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. రాసి, కొట్టెయ్యకుండా ఉంచాను. ఊపిరి ఆడింది.