గొలుగొండ కొండమీద బొమ్మల మాస్టారి సినిమా

పెళ్లి వీడియోలు తీసుకునేవాడికి డాక్యుమెంటరీ ఎందుకురా అని మా అనకాపల్లిలో అడగనివాడు పాపాత్ముడు. నా జవాబు ఒకటే, బొమ్మల మాస్టారి కోసం. మా హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పే ఆయన ఒక వేసవి సెలవుల్లో గొలుగొండ అవతల కొండమీదికి వెళ్లి, ఉద్యోగం వదిలేసి అక్కడే ఉండిపోయాడు. మళ్లీ కాగితం ముట్టలేదు, ఒక్క బొమ్మ అమ్మలేదు. కొండవాళ్ల ఇళ్ల గోడలమీద ఎర్రమట్టితో, బొగ్గుతో గీశాడు. వానకి చెరిగిపోతే మళ్లీ గీశాడు. అనకాపల్లి పెద్దమనుషులు పిచ్చోడన్నారు గానీ, నాకైతే అంత సుఖంగా బతికిన మనిషి ఇంకొకడు తగల్లేదు. రెండేళ్లపాటు వీలు దొరికినప్పుడల్లా కెమెరా పట్టుకుని వెళ్లాను. పోయిన చలికాలం ఆయన పోయాడు.

ఆదివారం అనకాపల్లిలో సినిమా వేస్తామని హాలు కూడా మాట్లాడేశాం. అయితే దానికి ముందు ఒక గండం దాటాలి. మాస్టారు ఇన్నేళ్లూ ఉన్నది సోములమ్మ ఇంటి వసారాలో. ఆవిడ ఆయన్ని అన్న అనేది. షూటింగ్ మొదలైన రోజే, "ముందు మాకు సూపించాలి బాబూ. మేం సరే అంటేనే బైటోళ్లకి" అని నాచేత ఒట్టు వేయించుకుంది. ఆవిడ కాదంటే నా రెండేళ్ల కష్టం బీరువాలోకే. అందుకే గురువారం బయల్దేరాను.

పొద్దున్న ఆరింటి నర్సీపట్నం బస్సు ఎక్కితే దాదాపు రెండు గంటలు. చెరకు బళ్లు అడ్డం వస్తే ఇంకాస్త. ప్రొజెక్టర్‌ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నర్సీపట్నంలో ఇడ్లీ తిని, జనరేటర్ అద్దెకు తీసుకుని, నూకరాజు జీపు మాట్లాడాను. రానూపోనూ ఆరు వందలు. ఉత్త చేతుల్తో వెళ్లేవాళ్లయితే గొలుగొండ దాకా సర్వీసు జీపుల్లో చవగ్గా పోవచ్చు.

"ఏటి బావా, కొండమీద పెల్లేటి? జనరేటర్ ఒట్టుకెల్తన్నావు" అన్నాడు నూకరాజు.

"పెళ్లి కాదు బావా, సినిమా."

"ఈరో ఎవుడు?"

"బొమ్మల మాస్టారు."

ఠక్కున బ్రేకు వేశాడు. "మాస్టారా! అయితే నానూ పైదాకా వత్తాను." రోడ్డు అయిపోయిన చోట జీపు ఆపేసి, జనరేటర్ని వెదురుబొంగుకి కట్టి, ఒక కొస తనే భుజానికెత్తుకున్నాడు. రెండో కొస నాది. అక్కణ్ణుంచి గంట నడక అంటారు. ఆ బరువుతో మాకు రెండు పట్టింది, నా భుజం ఇంకా నొప్పే.

సోములమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, పోసింది. పొద్దు వాలగానే ఆవిడ గోడకి తెల్ల దుప్పటి కట్టాం. ఊరంతా వచ్చి కూర్చుంది. దుప్పటిమీద మాస్టారు నవ్వగానే పిల్లలు కేకలు పెట్టారు, ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నేను లోలోపల గాల్లో తేలిపోతున్నాను. అప్పుడొచ్చింది నాకు ప్రాణమైన షాటు: మాస్టారు మామిడిపండు తింటున్నాడు, రసం మోచేతిదాకా కారుతోంది.

ఎవరూ నవ్వలేదు. సోములమ్మ లేచి నిలబడింది.

"ఆపీ బాబూ. కొత్త సేయకండా మా అన్న పండు తిన్నాడా?"

అప్పుడు వెలిగింది. కొత్త పండగ చేసి, అమ్మవారికి మొదటి కాయలు పెట్టేదాకా ఆ కొండమీద ఎవరూ మామిడి నోట పెట్టరు. నేను ఆ షాటు తీసింది పండగ అయిన తరవాతే. కానీ అందంగా ఉందని సినిమాలో పండగకంటే ముందుకి జరిపాను. పెళ్లి వీడియోలో భోజనాలు తాళికి ముందొచ్చినా ఎవడూ అడగడు మరి!

"పండగైనాకే తిన్నాడమ్మా. నేనే ముందు పెట్టాను" అన్నాను.

"మరి సూసినోలు ఏటనుకుంతారు? ఇన్నేల్లు మాతోపాటే కొత్త సేసి తిన్న మనిసి. ఇలాగ సూపిత్తే మా అన్నకి మచ్చ. నానొప్పుకోను."

లాప్‌టాప్ తెరిచి, ఆవిడ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ ముక్కని తీసి, పండగ వెనకాల పెట్టాను. "ఇక్కడా అమ్మా?" "ఇంకాస్త ఎనక్కి. డప్పు ఆగనీ." మళ్లీ మొదట్నుంచీ వేశాం. పండగ వచ్చింది, పూజ అయింది, డప్పు ఆగింది, మాస్టారు పండు కొరికాడు. ఊరంతా ఒక్కసారి గొల్లుమని నవ్వింది. "ఇప్పుడు సూపించుకో. ఏ దేశంలోనైనా సూపించుకో మా అన్నని" అంది సోములమ్మ. నేను ఏడ్చేశాను, సిగ్గేమీ లేదు.

ఆయన వాళ్లలో ఒకడైపోయాడని చూపించడానికే ఆ సినిమా తీశాను. ఎన్నో ఇంటర్వ్యూలు పెట్టాను. అవన్నీ ఒక ఎత్తు, ఆ రోజు సోములమ్మకి వచ్చిన కోపం ఒక ఎత్తు. చుట్టం తప్పుచేస్తే సర్దుకుపోతాం. ఇంట్లోవాడిమీద నింద పడితేనే అలా లేస్తాం. మామిడి రోజుల్లో మీరు ఆ కొండలకి వెళ్తే, కొత్త పండగ అయిందో లేదో గొలుగొండలోనే కనుక్కోండి. కాకపోతే సంచిలో పళ్లు అక్కడే తినేసి ఎక్కండి.

ఆదివారం నూకరాజు జీపు నిండా కొండవాళ్లు దిగారు. మొదటి వరస వాళ్లదే. తెరమీద డప్పు ఆగి మాస్టారు పండు కొరకగానే సోములమ్మ లేచి చప్పట్లు కొట్టింది, ఆవిడ వెనక వరసంతా కొట్టింది. ఎందుకో తెలియకపోయినా అనకాపల్లి మొత్తం లేచి కొట్టింది, ఆయన్ని పిచ్చోడన్న పెద్దమనుషులతో సహా.